ఒకే నంబరు, రెండు పాటలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నెల రోజుల క్రితం ఫోన్ చేసినప్పుడే షరతులు పెట్టారు. "అమెరికాలో ఎలా పైకొచ్చావో చెప్పొద్దు. బడి వెనక జామకాయలు కోసిన కథ అసలే వద్దు, ఇప్పటికి పదిమంది చెప్పేశారు. నీకు వేరే పిచ్చి ఏదైనా ఉంటే దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. పిచ్చి అయితే ఉంది. పాత గ్రామఫోను రికార్డులు. అందులోనూ 1960ల నాటి అమెరికన్ సోల్ పాటలు. అందులోనూ ఒకే పాటకు వచ్చిన రకరకాల అచ్చులు. ఒకే పాట ఉన్న ఐదు ప్లేట్లు ముందు పెట్టుకుని భూతద్దంతో చూస్తూ కూర్చునే మనిషితో కాపురం తేలిక కాదని ఈ సభలోనే ఉన్న మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.

ఈ పిచ్చికి విత్తనం ఈ బడిలోనే పడిందని నా అనుమానం. మా తెలుగు మాష్టారు వేమన పద్యం చెబుతూ ఒక్కోచోట ఆగి, "ఈ మాటకు పాఠాంతరం ఉందిరా" అనేవారు. బ్రౌన్ దొర ఊరూరా రాతప్రతులు పోగుచేయించి, పండితుల్ని కూర్చోబెట్టి, ఏ ప్రతిలో ఏ మాట ఉందో పోల్చి చూపించిన సంగతి చెప్పేవారు. పరీక్షలో రాని విషయం కాబట్టి మాలో చాలామంది వినలేదు. నాకెందుకో ఆ మాట పట్టుకుంది. ఒకే పద్యం ఇద్దరి దగ్గర రెండు రకాలుగా ఉంటే, ఏది అసలుది? రెండోదాన్ని ఏం చెయ్యాలి? ఇవాళ నేను చెప్పేదంతా ఆ ప్రశ్నే, తాటాకుల బదులు ప్లేట్ల మీద.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాను. కార్లలో వాడే ప్లాస్టిక్ భాగాలకు అచ్చులు, అంటే డైలు తయారుచేసే పని. ఆ ఊరు కార్లకు ఎంత పేరో పాటలకూ అంత పేరు. బెర్రీ గోర్డీ అనే ఆయన లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేసి, అది మానేసి, 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. మోటారు టౌను అన్నమాటే అది. వెస్ట్ గ్రాండ్ బూలవార్డులో 2648 నంబరు ఇల్లు వాళ్ళ స్టూడియో, ఆఫీసు, అన్నీ. ఇప్పుడది మ్యూజియం. మన వాళ్ళు ఎవరొచ్చినా నయాగరా కంటే ముందు నేను అక్కడికి తీసుకెళ్తాను. మొహమాటానికి వస్తారు.

సోల్ అంటే ఏమిటని అడుగుతారు కదా. నల్లజాతి వాళ్ళు చర్చిలో పాడుకునే గాస్పెల్ పాటల ఊపు, బజార్లోని రిథమ్ అండ్ బ్లూస్ లయ కలిసి పుట్టిన పాట. రే చార్లెస్, శామ్ కుక్ తొలి బాట వేశారు. డెట్రాయిట్‌లో మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్, మరెన్నో చిన్న చిన్న కంపెనీలు ఆ పాటల్ని జనంలోకి పంపాయి. పంపింది ఎక్కువగా సింగిల్ అనే చిన్న ప్లేటు మీద. ఏడంగుళాల వెడల్పు, మధ్యలో అంగుళంన్నర బెజ్జం, నిమిషానికి 45 చుట్లు. 1949లో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ తెచ్చిన కొలత అది. ఒక పక్క ఒక పాట, వెనక ఇంకో పాట.

ఆ ప్లేటు ఎలా తయారవుతుందో చెబితేనే తేడాలు ఎక్కడ పుడతాయో తెలుస్తుంది. అది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కాస్త ఓపిక పట్టండి. టేపు మీద ఉన్న పాటను ముందు అల్యూమినియం పళ్ళెం మీది మెత్తని లక్కరు పూతలో గాడిగా కోస్తారు. ఆ పని చేసేవాడి చేతిలో పాట సగం ఉంటుంది. ఎంత గట్టిగా కోయాలి, కింది స్వరాలు ఎంత ఉంచాలి, ముల్లు ఎగిరిపోకుండా ఎంత తగ్గించాలి, ఇవన్నీ అతని చెవి నిర్ణయాలు. ఆ లక్కరు మీద వెండి పూత పూసి, నికెల్ పట్టించి, ఊడదీస్తే లోహపు అచ్చు వస్తుంది. దాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి మరోటి. ఈ పరిశ్రమలో వాటిని తండ్రి, తల్లి అనే పిలుస్తారు. చివరిది స్టాంపరు. దాంతోనే ప్లేట్లు అచ్చు వేస్తారు. కొన్ని వందలో వేలో కొట్టాక స్టాంపరు అరిగిపోతుంది, కొత్తది వేస్తారు. పాట హిట్టయితే ఒక్క ఫ్యాక్టరీ చాలదు. న్యూయార్కు పక్క ఒకటి, లాస్ ఏంజిలెస్‌లో ఒకటి, మధ్యలో ఇంకొకటి. ఒక్కో చోటికి విడిగా కోసిన లక్కరు వెళ్ళవచ్చు. అంటే ఒకే వారంలో, ఒకే నంబరుతో, ఒకే లేబులుతో అమ్ముడైన రెండు ప్లేట్లు వేర్వేరు చేతులు కోసినవి కావచ్చు. ఒకదానిలో బేస్ గిటారు గుండెకు తగులుతుంది, రెండోదానిలో గోడ అవతల వాయిస్తున్నట్టుంటుంది.

ఇవన్నీ ఎలా తెలుస్తాయి? పాట అయిపోయాక, గాడికీ లేబులుకీ మధ్య నల్లగా ఖాళీ పట్టీ ఉంటుంది చూశారా, సేకర్తలు దాన్ని డెడ్ వాక్స్ అంటారు. పేరుకు డెడ్డే గాని ప్లేటు మొత్తం మీద అబద్ధం ఆడనిది అదే. లక్కరు కోసినవాడు అక్కడ నంబరు గీస్తాడు. చేత్తో గీసినది ఉంటుంది, పంచ్‌తో కొట్టినది ఉంటుంది. ఫ్యాక్టరీ గుర్తులూ అక్కడే. చిన్న త్రిభుజం, పక్కన అంకెలు ఉంటే లాస్ ఏంజిలెస్‌లోని మోనార్క్ ఫ్యాక్టరీది. "బెల్ సౌండ్" అని ముద్ర ఉంటే న్యూయార్కులో ఆ పేరున్న స్టూడియోలో కోసినది. "నాష్‌విల్ మాట్రిక్స్" ముద్ర దక్షిణాదిది. ఎ, ఆర్, పి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కలిపి రాసి ఉంటే మా డెట్రాయిట్‌కు గంటన్నర దూరంలో ఒవాసో అనే చిన్న ఊళ్ళో ఉండిన అమెరికన్ రికార్డ్ ప్రెస్సింగ్ కంపెనీది. తొలినాటి మోటౌన్ ప్లేట్లు ఎన్నో అక్కడ అచ్చయ్యాయి. 1972లో ఆ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో పోయింది. ఫ్యాక్టరీ లేదు, ఆ మూడక్షరాలు మాత్రం ఎక్కడెక్కడి ఇళ్ళలోనో ఉన్నాయి.

ఇప్పుడు అసలు కథ. 1960లో మిరకిల్స్ అనే బృందం, స్మోకీ రాబిన్సన్ గొంతుతో, "షాప్ అరౌండ్" అనే పాట చేసింది. మొదట తారసపడ్డ పిల్లనే చేసేసుకోకు, నలుగురినీ చూడు అని తల్లి కొడుక్కి బుద్ధి చెప్పే పాట. మన ఇళ్ళలో పెళ్ళిచూపుల ముందు జరిగే సంభాషణే. టామ్లా లేబులు మీద 54034 నంబరుతో ప్లేటు అచ్చయి, డెట్రాయిట్ చుట్టుపక్కల కొట్లలోకి వచ్చేసింది. కాని గోర్డీకి నిద్ర పట్టలేదు. పాట నీరసంగా ఉంది, వేగం పెరగాలి అనిపించింది. తెల్లవారుజామున మూడింటికి స్మోకీకి ఫోన్ చేసి అందరినీ స్టూడియోకి రమ్మన్నాడు. పియానో వాయించే ఆయన రాలేదు. గోర్డీయే పియానో ముందు కూర్చున్నాడు. తెల్లారేసరికి కొత్త "షాప్ అరౌండ్" తయారు. దేశమంతా వెళ్ళింది అదే. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఒకటో స్థానం, పాప్ జాబితాలో రెండు. పది లక్షల ప్లేట్లు అమ్ముడైన మొదటి మోటౌన్ పాట అదే.

గమనించండి. పాట పేరు అదే, గాయకులు వాళ్ళే, లేబులు అదే, నంబరు అదే 54034. కొట్లో అడిగితే తేడా ఎవరికీ తెలియదు. డెడ్ వాక్స్‌లో గీసిన నంబరు మాత్రమే వేరు. మొదటి పాట బయటికి వచ్చిందనే విషయమే చాలామందికి తెలియకుండా పోయింది.

మా షాపులో ఒక ఆఫ్రికన్ అమెరికన్ పెద్దాయన ఉండేవారు. నేను చేరేనాటికే ఇరవై ఏళ్ళ సర్వీసు. డైని వేలితో తడిమి ఎక్కడ అరిగిందో చెప్పేవారు, మేము మైక్రోమీటరు పెట్టి చూస్తే సరిగ్గా అక్కడే ఉండేది. ఆయన్ని పేరుకు ముందు మిస్టర్ చేర్చే పిలిచేవాణ్ణి, మన "గారు"లాగా. ఆయన నన్ను "అబ్బాయ్" అనేవారు. నాకు ఈ రికార్డుల రుచి చూపించింది ఆయనే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు ఒకటే మాట పదే పదే చెప్పేవారు: "షాప్ అరౌండ్ పాట ఇది కాదు. మా అన్న కొన్నది ఇంకోటి. ఇంకా నింపాదిగా ఉండేది." 1960 శరదృతువులో ఆ ప్లేటు ఆయన అన్నగారు కొన్నారట. కొన్న కొన్నాళ్ళకే సైన్యంలో చేరి వెళ్ళారు, మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఇల్లు కూడా మిగల్లేదు. డెట్రాయిట్‌లో హేస్టింగ్స్ స్ట్రీట్ అని నల్లజాతి వాళ్ళ కొట్లు, క్లబ్బులు, ఇళ్ళు ఉన్న వీధి ఉండేది. దాని మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వేశారు. ఆ చుట్టుపక్కల ఇళ్ళతో పాటు వాళ్ళదీ పోయింది. సామాన్లు సర్దే గొడవలో ప్లేట్ల పెట్టె పోయింది.

ఆయన మాట ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. రేడియోలో ఎప్పుడు వేసినా వచ్చేది హిట్టయిన పాటే కదా. రిటైరయ్యాక ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. తర్వాత ఒక్కోసారి పేర్లు మరిచిపోయేవారు. దాంతో పిల్లలకు ఇంకో సాకు దొరికింది. "నాన్నకు జ్ఞాపకాలు కలగాపులగం అవుతున్నాయి" అని కూతురు నాతోనే అంది, ప్రేమతోనే అంది. ఆయన వినలేదనుకుంది. విన్నారు.

2003లో నాకు ఆ ప్లేటు దొరికింది. ఎవరైనా పెద్దవాళ్ళు పోతే ఇంట్లో సామానంతా బయట పెట్టి అమ్మేస్తారు అక్కడ. తూర్పు డెట్రాయిట్‌లో అలాంటి ఇంట్లో, నేలమాళిగలో, అట్టపెట్టె నిండా చిన్న ప్లేట్లు. జాకెట్లు లేవు, దుమ్ము, సగం గీతలు పడినవి. "షాప్ అరౌండ్" రెండు కనబడ్డాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టి డెడ్ వాక్స్ చూశాను. నంబర్లు కలవలేదు. రెండూ కలిపి మూడు డాలర్లు. మా ఇంటికి వెళ్ళలేదు, నేరుగా ఆయన ఇంటికే వెళ్ళాను.

ఆయన ప్లేయరు పాతది. నేను ఏమీ చెప్పకుండా ముల్లు పెట్టాను. గరగర చాలా ఉంది. పాట మొదలైంది. ఆయన కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు, పాట కంటే తాళమే ఒక్క క్షణం ముందుంది, తర్వాత ఏం రాబోతోందో తెలిసినవాళ్ళు వేసినట్టు. పాట సగంలో ఉండగానే లేచి ఫోన్ దగ్గరికెళ్ళి కూతురికి కలిపారు. మాట్లాడలేదు. రిసీవరు స్పీకరు దగ్గర పట్టుకుని నిలబడ్డారు. పాట అయ్యాక మాత్రం "విన్నావా? మీ పెదనాన్నది" అన్నారు.

ఈ కథ వల్ల మొదటి పాటే గొప్పదనుకుంటారేమో. నా అభిప్రాయం అడిగితే గోర్డీయే కరెక్టు. రెండోది మేలైన పాట. మొదటిది కాస్త బరువుగా, బ్లూస్ వాసనతో, ఇంట్లో కూర్చుని వినేలా ఉంటుంది. రెండోది కాళ్ళను కూర్చోనివ్వదు. తెల్లవారుజామున లేపి మరీ దాన్ని చేయించినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. అయితే బాగున్నది నిలవడం వేరు, రెండోది అసలు లేనే లేదనడం వేరు. 2005 నుంచి మోటౌన్ సింగిల్స్ అన్నీ వరసగా సీడీల మీద వచ్చాయి. మొదటి పెట్టెలోనే రెండు "షాప్ అరౌండ్"లూ పక్కపక్కన పెట్టారు. అది సరైన పని. మా మాష్టారి భాషలో, మూలంలో ఒకటి, అడుగున పాఠాంతరం.

ఒక్క పాటకే ఇలా జరిగిందనుకోకండి. బారెట్ స్ట్రాంగ్ పాడిన "మనీ" 1959లో ముందు టామ్లా మీద వచ్చింది. దేశమంతా అమ్మే శక్తి ఆ బుల్లి కంపెనీకి లేక, "అన్నా" అనే ఇంకో లేబులు మీద మళ్ళీ వేశారు. పేరు అన్నా గాని, ఆమె గోర్డీకి అక్క. చిన్న కంపెనీ పాట హిట్టయితే పెద్ద కంపెనీ తీసుకుని మళ్ళీ అచ్చు వేయడం ఆ రోజుల్లో మామూలు వ్యవహారం. లేబులు రంగు చూసి కూడా కాలం చెప్పొచ్చు. స్టాక్స్ కంపెనీ 1968లో అట్లాంటిక్ కంపెనీతో విడిపోయింది, పాత పాటల హక్కులన్నీ అట్లాంటిక్ దగ్గరే ఉండిపోయాయి. అంతకు ముందు స్టాక్స్ లేబులు నీలం, మీద దొంతరగా పేర్చిన ప్లేట్ల బొమ్మ. ఆ తర్వాత చిటికె వేసే చెయ్యి. 1966 నాటి శామ్ అండ్ డేవ్ పాట చిటికె లేబులు మీద అమెరికన్ మొదటి అచ్చని ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోవచ్చు.

జేమ్స్ బ్రౌన్ సంగతి మరీ విచిత్రం. 1965 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని షార్లెట్ ఊళ్ళో "పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్" రికార్డు చేశాడు. అసలు టేపు దాదాపు ఏడు నిమిషాలు, కాస్త నెమ్మది. సింగిల్‌గా వేసేటప్పుడు మొదట్లో కొంత కోసేసి, పాటను రెండు ముక్కలు చేసి రెండు పక్కలా పెట్టి, టేపు వేగమే పెంచేశారు. శ్రుతి అర మెట్టు పైకి పోయింది. లోకమంతా ఎగిరి గంతేసిన ఆ పాట ఏ గదిలోనూ ఎవరూ ఆ వేగంతో వాయించలేదు, ఆ శ్రుతిలో పాడలేదు. అసలు వేగంతో ఉన్నది 1991లో "స్టార్ టైమ్" అనే సీడీల పెట్టెలో బయటికొచ్చింది. మరి ఏది అసలు పాట? స్టూడియోలో జరిగిందా, జనం విన్నదా? నన్నడిగితే ఈ ఒక్క పాట విషయంలో జనం విన్నదే. కోసినవాడు కూడా వాద్యగాడేనని అక్కడ అర్థమవుతుంది.

మోనో, స్టీరియో తేడా చెప్పకపోతే నా తోటి సేకర్తలు నన్ను వెలివేస్తారు గనుక నాలుగు మాటలు. ఆ పాటలు కారు రేడియోలో, చేతిలో పట్టే ట్రాన్సిస్టరులో వినేవాళ్ళ కోసం చేసినవి. మోటౌన్ స్టూడియోలో కారు స్పీకరంత చిన్న స్పీకరు పెట్టుకుని అందులో బాగుందో లేదో చూసేవారు. కాబట్టి సింగిల్ మీది మోనో పాటే వాళ్ళు చెమటోడ్చి చేసినది. ఆల్బముల మీది స్టీరియో చాలాసార్లు విడిగా మళ్ళీ కలిపినది. గొంతు పక్కకు పోతుంది, డప్పు పలచబడుతుంది, చివర పాట తగ్గిపోయే చోటు మారిపోతుంది. కొన్నాళ్ళకు సీడీలు, ఫోన్లలో పాటలు వచ్చాయి. వాటిల్లో చాలా చోట్ల పెట్టింది స్టీరియోదే. చిన్నప్పుడు విన్న పాట కోసం వెతికినవాడికి ఇంకో పాట దొరుకుతుంది, తేడా ఏమిటో చెప్పలేక "ఏదో తక్కువైంది" అనుకుని ఊరుకుంటాడు. వాడి చెవిదేం తప్పు లేదు.

ఇక ప్లేటు చేసిన పదార్థం. మా వృత్తివాళ్ళకు ఇది పండగ. వినైల్ ప్లేటు దిబ్బరొట్టె వేసినట్టు చేస్తారు. వేడి ముద్దను రెండు స్టాంపర్ల మధ్య పెట్టి అదుముతారు, లేబులు కూడా జిగురు లేకుండా అందులోనే అతుక్కుంటుంది. స్టైరీన్ ప్లేటు అలా కాదు. మేము కారు భాగాలు చేసినట్టే, కరిగించిన ప్లాస్టిక్కును మూసిన అచ్చులోకి తోస్తారు. పని త్వరగా అవుతుంది, లేబులు తర్వాత అంటిస్తారు. మోనార్క్ ఫ్యాక్టరీ సింగిల్స్ ఎక్కువగా స్టైరీన్‌వే. కొత్తలో దాని మోత ఎంతో స్పష్టంగా ఉంటుంది. కాని అరిగిన ముల్లుతో కొన్నిసార్లు వేస్తే చాలు, గాడి పాడైపోయి స అనే ప్రతి అక్షరం దగ్గరా బుస కొడుతుంది. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది, వింటే ఇసుక. మెరుపు చూసి డబ్బిచ్చేవాళ్ళు జాగ్రత్త.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఫ్రాంక్ విల్సన్ గురించి చెప్పక తప్పదు. 1965 చివర మోటౌన్ వారి "సోల్" అనే లేబులు మీద ఆయన పాడిన "డూ ఐ లవ్ యూ" పాట ప్లేట్లు తయారయ్యాయి. కాని విడుదల ఆగిపోయింది. ఆయన పాడటం కంటే పాటలు రాసి చేయించే పనే ఎంచుకున్నాడు. ప్లేట్లన్నీ నాశనం చేశారు. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పదేళ్ళు దాటాక ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతపు ఊళ్ళలో ఆ పాటకు ప్రాణం వచ్చింది. అక్కడ మిల్లుల్లో, గనుల్లో పనిచేసే కుర్రాళ్ళు శనివారం రాత్రంతా మేలుకుని, అమెరికాలోనే ఎవరూ వినని సోల్ పాటలకు నాట్యం చేసేవారు. నార్తర్న్ సోల్ అని దాని పేరు. విగన్ క్యాసినో అనే హాలు 1973 నుంచి 1981 దాకా దానికి గుడిలాంటిది. ప్లేటు వేసేవాళ్ళలో పోటీ ఎంతంటే, పాట ఎవరిదో అవతలివాడికి తెలియకుండా లేబులు మీద వేరే పేరు రాసిన కాగితం అంటించేవారు. ఫ్రాంక్ విల్సన్ పాటకు ఎడ్డీ ఫాస్టర్ అనే ఇంకో గాయకుడి పేరు పెట్టి దొంగ ప్లేట్లు కూడా అచ్చేశారు. 1979లో బ్రిటన్‌లో టామ్లా మోటౌన్ లేబులు మీద అసలు పేరుతో వచ్చింది. మొదటి అచ్చు ప్రతి ఒకటి 2009లో వేలంలో 25,000 పౌండ్లకు పైగా పలికింది.

దొంగ ప్లేటును పట్టుకోవడం ఎలా అని ఇంజనీరు తమ్ముళ్ళు అడుగుతారు. అసలు ప్లేటు డెడ్ వాక్స్‌లో పంచ్‌తో కొట్టిన ముద్ర ఉండాల్సిన చోట చేత్తో గీసిన నంబరు ఉంటే మొదటి అనుమానం. లేబులు అక్షరాలు అంచుల్లో చెదిరి ఉంటే, అసలు లేబులును ఫోటో తీసి మళ్ళీ అచ్చు వేశారన్నమాట. పాట మొదలయ్యే ముందు సన్నగా గరగర వినిపించి, ఆ గరగర గాడిలోనే ఉంటే, టేపు నుంచి కాక ఇంకో ప్లేటు నుంచి ఎక్కించినది. అయినా దొంగ ప్లేట్లను నేను పూర్తిగా తిట్టలేను. దొంగతనం దొంగతనమే, గాయకుడికి పైసా దక్కదు, పేరు కూడా దక్కలేదు. కాని ఆ పాటను నిజంగా ఇష్టపడిన మిల్లు కుర్రాడి చేతికి అందింది ఆ ప్లేటే. వేల పౌండ్ల అసలు ప్లేటు ఎవరి బీరువాలోనో ముల్లు తగలకుండా కూర్చుంటుంది. అలా దాచే సేకర్తలతో నాకు స్నేహం ఉంది గాని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం మానేశాను. ప్లేటు చూపిస్తారు, వేయరు.

ఇక్కడ ఒక మనవి. మన ఊళ్ళలో అటకల మీద ఇంకా ఘంటసాల, సుశీల ప్లేట్లు ఉన్నాయి. కలకత్తా పక్కన డమ్ డమ్‌లో అచ్చయిన హెచ్.ఎం.వి., కొలంబియా ప్లేట్లు. ఆ పాత 78 చుట్ల ప్లేటు మీద ఒక్కో పక్క మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. అందుకని సినిమాలో ఉన్న చరణం ప్లేటు మీద లేకపోవచ్చు, ఒక్కోసారి ప్లేటు కోసం పాట మళ్ళీ పాడించేవారు కూడా. సినిమా ప్రింటు పోయి ప్లేటు మిగిలినా, ప్లేటు పోయి ప్రింటు మిగిలినా సగమే మిగిలినట్టు. పాత సామాన్ల వాడికి తూకం వేసే ముందు ఒక్కసారి మన సంఘం వాట్సాప్‌లో ఫోటో పెట్టండి. లేబులు ఒక్కటే కాదు, ఆ నల్ల పట్టీ కూడా కనబడేలా తీయండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, సాయంత్రానికి అప్పడం అవుతుంది.

మా పెద్దాయన 2011లో పోయారు. ఆ తర్వాత కూతురు నాకు ఒక చిన్న అట్టపెట్టె పంపింది. మొదటి "షాప్ అరౌండ్" అందులో ఉంది. తన దగ్గర ప్లేయరు లేదట, ఊరికే ఉండేకంటే మోగడం మంచిదని రాసింది. ఆ ప్లేటూ, దాని జంటా రెండూ ఇవాళ నా సంచిలో ఉన్నాయి. అమెరికా ప్లేయరు తీసుకురాలేదు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఆ రకం మోటారు ఇక్కడ 45 చుట్లకు బదులు 37న్నర చుట్లే తిరుగుతుంది. స్మోకీ రాబిన్సన్ గొంతు కాస్తా నాగయ్య గారి పెద్దన్నయ్యలా వినిపిస్తుంది. ఈ లెక్క మా ఫిజిక్స్ మాష్టారు ఇప్పుడే నోటితో వేసి తల ఊపుతున్నారు, చూడండి. మన 1984 బ్యాచి తమ్ముడు ఒకడు ఇక్కడి ప్లేయరే బాగుచేయించి పెట్టాడు.

భోజనాలయ్యాక పదో తరగతి ఏ సెక్షన్ గదికి రండి. ముందు హిట్టయినది వేస్తాను, తర్వాత పెద్దాయన అన్నగారిది. రెండూ కలిపి ఆరు నిమిషాలు కూడా పట్టవు. డెడ్ వాక్స్ చూడాలనుకునేవాళ్ళకు భూతద్దం తెచ్చాను. పప్పూ నెయ్యీ తిన్న చేతులు శుభ్రంగా కడుక్కుని రండి.